తిరుగుబాటు వారం

మా దేశం పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇది అచ్చయి మీ చేతికి వచ్చేలోపు అది మారిపోవచ్చు. ఇక్కడ ప్రభుత్వాలు పడిపోవడం ఎంత మామూలంటే, పొద్దున్నే రేడియోలో పాటలకు బదులు కవాతు బాజా వినిపిస్తే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసి, "పాలు తొందరగా తెచ్చి పడెయ్యండి, మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ ఉంటుంది" అంటుంది. నేను పాలు తెస్తాను. కర్ఫ్యూ వస్తుంది. ఎవరూ పెద్దగా కంగారుపడరు.

కంగారుపడేది మా విశ్వవిద్యాలయం ఒక్కటే. ఎందుకంటే మాకు నాణ్యత ఉంది.

ఈ నాణ్యత మా సొంత సరుకు కాదు. ఎక్కడో గొడవల్లేని చలిదేశంలో ఒక నాణ్యతా మండలి ఉంది. లోకంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ గ్రేడులు ఇవ్వడం దాని పని. చదువు బాగా చెబుతున్నారా లేదా అని చూడబోతే నానా తంటాలు, ఒకరికి బాగున్నది ఇంకొకరికి నచ్చదు. అందుకని ఆ మండలి పెద్దలు తేలిగ్గా కొలవగలిగిన ఒకదాన్ని పట్టుకున్నారు. ఏడాది మొదట్లో ఏ తేదీన ఏం జరుగుతుందని మీరు క్యాలెండర్ వేశారో, ఆ తేదీన అది జరిగిందా? జరిగితే నాణ్యత. జరగకపోతే నాసిరకం. ఏం జరిగిందన్నది వాళ్ళు అడగరు.

కిందటేడు సరిగ్గా పరీక్షల రోజున సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. తనిఖీకి వచ్చిన మండలి ప్రతినిధికి గోడల్లో దిగిన తూటాలు చూపించాం. ఆయన వాటిని శ్రద్ధగా చూసి, ఫొటో తీసుకుని, "ప్రణాళికా లోపం" అని రాసి మాకు అట్టడుగు గ్రేడు ఇచ్చి విమానమెక్కాడు.

ఆ రోజు సగంలో ఆగిపోయిన పరీక్ష పైడితల్లిది. నేను కెమిస్ట్రీ మేష్టర్ని. నా దగ్గర నీటి పరీక్షల కోర్సు చదివిన పిల్లల్లో అంత నిదానంగా, అంత శుభ్రంగా పనిచేసే చెయ్యి ఇంకొకటి చూడలేదు. పేపర్లన్నీ రాసేసింది, ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. బ్యూరెట్ పట్టుకుని చుక్కలు వదులుతుండగా జవాన్లు ల్యాబ్‌లోకి వచ్చి, అక్కడున్న స్పిరిట్ అంతా దేశరక్షణ నిమిత్తం పట్టుకుపోయారు. పరీక్ష రద్దయింది.

ఆ పిల్లకి డిగ్రీ ఎందుకు కావాలో చెబుతాను. మా ఊరి వాటర్ వర్క్స్‌లో కెమిస్టు రిటైరైపోయాడు. అప్పటినుంచీ అక్కడి వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడరు దోసిలితో తీసి, దణ్ణం పెట్టుకుని ట్యాంకులో వేస్తున్నాడు. పైడితల్లి వాళ్ళ పేటలో కామెర్లు రాని ఇల్లు లేదు. ఆమె తమ్ముడు ఆ కామెర్లతోనే పోయాడు. ఆ ఉద్యోగం ఈసారి పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఖాళీగా ఉంచుతానని మున్సిపల్ కమిషనర్ మాటిచ్చాడు. డిగ్రీ తెచ్చుకుంటే ఆమెది, లేకపోతే ఎవరిదో.

"ఈ ఏడాదైనా అవుద్దా సార్?" అని అడిగింది నన్ను.

"అవుతుంది. ఈసారి నాణ్యత మీద మనవాళ్ళు గట్టిగా పట్టుబడుతున్నారు" అన్నాను. అప్పటికి నాకు నాణ్యత అంటే ఏమిటో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

అర్థం చేయించినవాడు మా నాణ్యతా విభాగం డైరెక్టరు, డాక్టర్ విద్యాధరం. ఆయన పాఠం చెప్పగా చూసినవాళ్ళు లేరు గానీ, పాఠం ఎలా చెప్పాలో ఆయన చెప్పగా వినని వాళ్ళు కూడా లేరు. అట్టడుగు గ్రేడు వచ్చిన నెలలోనే మా అందరినీ సెనేట్ హాల్లో కూర్చోబెట్టాడు. పక్కన వైస్ ఛాన్సలర్ దండపాణిగారు కునుకుతూ అధ్యక్షత వహించారు.

"సహచరులారా," అన్నాడు విద్యాధరం, "మనకు నష్టం కలిగించినది తిరుగుబాటు కాదు. అప్రణాళికాబద్ధమైన తిరుగుబాటు. సదరు సంఘటనను మనం అంతరాయంగా భావించాం. ఇకమీదట దాన్ని కార్యక్రమంగా పరిగణిస్తాం. రాబోయే విద్యా సంవత్సరపు క్యాలెండర్‌లో జూన్ రెండవ వారాన్ని తిరుగుబాటు వారంగా ప్రతిపాదిస్తున్నాను."

ఎకనామిక్స్ ప్రొఫెసర్ చప్పట్లు కొట్టాడు. ఆయన ఏ ప్రభుత్వం వచ్చినా ముందు చప్పట్లు కొట్టే మనిషి, అది అలవాటు. చూసి మిగతావాళ్ళూ కొట్టారు.

నేను లేచాను. "డైరెక్టరుగారూ, ఆ వారం తిరుగుబాటు రాకపోతే?"

"మన దేశంలోనా?" అన్నాడాయన జాలిగా. "మేష్టారూ, మీది సందేహవాద దృక్పథం. సానుకూలంగా ఆలోచించండి."

"ప్రాక్టికల్ పరీక్షలు ఎప్పుడు పెడుతున్నారు?"

"తిరుగుబాటు వారం పూర్తయిన వెంటనే, ఆ మధ్యాహ్నం రెండు గంటలకు. ఒక కార్యక్రమం సంపూర్ణం కాకుండా తదుపరి కార్యక్రమం ప్రారంభం కారాదని మండలి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది."

దండపాణిగారు మేలుకుని, తీర్మానం ఏకగ్రీవం అన్నారు.

తిరుగుబాటుకు సిలబస్ రాశారు. కార్యక్రమం అన్నాక అభ్యసన ఫలితాలు ఉండాలి కదా. విద్యార్థి కాల్పుల చప్పుడు విని అది ఏ దిక్కునుంచో చెప్పగలగాలి. బల్లకింద క్రమశిక్షణతో కూర్చోగలగాలి. కొత్త అధ్యక్షుడి పేరు తప్పులేకుండా పలకగలగాలి. దీనికి హాజరు తప్పనిసరి. ఈ సిలబస్ తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను. బల్లకింద కూర్చునేటప్పుడు మోకాళ్ళ నొప్పులున్నవారికి మినహాయింపు ఇవ్వాలని నేను చేసిన సూచనను ఆమోదించారు.

జూన్ రెండో వారం వచ్చింది. గేటుకి బ్యానర్ కట్టారు. అంబులెన్సు తెప్పించారు. ల్యాబులకు భద్రత దృష్ట్యా తాళాలు వేసి విద్యాధరం సంతకంతో సీలు వేశారు. పిల్లలందరినీ మైదానంలో కూర్చోబెట్టి చెవులు రిక్కించమన్నారు.

వారమంతా కోయిల కూతలు వినబడ్డాయి. మా దేశ చరిత్రలోనే అంత ప్రశాంతమైన వారం లేదని పత్రికలు రాశాయి. ఎప్పుడూ కొట్టుకునే రెండు పార్టీలూ ఆ వారమే కలిసి భోజనం చేశాయి.

"కార్యక్రమం సంపూర్ణం కాలేదు. కనుక మార్గదర్శకాల మేరకు క్యాలెండర్ సవరించి పొడిగిస్తున్నాం" అని విద్యాధరం సర్క్యులర్ ఇచ్చాడు.

పొడిగించారు. జూన్ అయిపోయింది, జూలై వచ్చింది. దేశంలో రైళ్ళు తిరిగాయి, సినిమాలు ఆడాయి, వేరే కాలేజీల్లో పాఠాలు జరిగాయి. మా విశ్వవిద్యాలయం ఒక్కటి మాత్రం తిరుగుబాటు కారణంగా మూతబడి ఉంది. పైడితల్లి రోజూ పొద్దున్నే వచ్చి సీలు వేసిన ల్యాబ్ మెట్ల మీద కూర్చునేది.

ఒకరోజు ఆమెను వెంటబెట్టుకుని విద్యాధరం గదికి వెళ్ళాను. "ఒక్క పరీక్ష, ఒక్క పూట పని. తాళం ఇప్పించండి, నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాను.

"అసాధ్యం మేష్టారూ. ప్రస్తుతం ప్రాంగణంలో పరిస్థితి అల్లకల్లోలంగా ఉంది" అన్నాడు.

కిటికీలోంచి తోటమాలి బంతిమొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించాడు. ముగ్గురం చూశాం.

"క్యాలెండర్ ప్రకారం" అని సర్దుకున్నాడు విద్యాధరం.

పైడితల్లి తలొంచుకోకుండానే అడిగింది. "మరి మావోళ్ళు తాగే నీళ్ళకి ఏ క్యాలెండర్ సార్? అవి రోజూ వస్తున్నాయి కదండీ."

"అమ్మా, నీ ఆవేదనను స్టేక్‌హోల్డర్ ఫీడ్‌బ్యాక్ కింద నమోదు చేసుకుంటున్నాను" అన్నాడు. నిజంగానే నమోదు చేసుకున్నాడు. అలాంటి మనిషిని కొట్టాలనిపిస్తుంది గానీ, ఆయన దగ్గర మర్యాద తప్ప ఇంకేమీ దొరకదు. బయటికి వచ్చాక నాకు ఆ పిల్ల మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఆగస్టులో మండలి ప్రతినిధి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చేసరికి కార్యక్రమం జరగకపోతే మళ్ళీ అట్టడుగే. అప్పుడు విద్యాధరం ఒక ప్రతినిధి వర్గాన్ని తయారుచేసి కంటోన్మెంటుకి బయల్దేరాడు. బోధనా సిబ్బంది తరఫున నన్నూ జీపు ఎక్కించాడు. ఆ పీడ వదిలితేగానీ పైడితల్లి పరీక్ష జరగదు కాబట్టి నేనూ నోరుమూసుకుని ఎక్కాను.

కర్నల్ బలభద్రం మమ్మల్ని బాగానే ఆదరించి టీ ఇప్పించాడు. విషయం విని కప్పు కింద పెట్టాడు.

"మీరు నన్ను తిరుగుబాటు చెయ్యమంటున్నారా?"

"తమరు అన్యథా భావించరాదు. ఇప్పటికే ఆలస్యమైన కార్యక్రమాన్ని సకాలంలో పూర్తిచేయవలసిందిగా అభ్యర్థిస్తున్నాం" అన్నాడు విద్యాధరం.

"మాకిప్పుడు కంప్లయింట్లేమీ లేవు సార్. రేషన్ టైముకొస్తోంది. జవాన్లు హ్యాపీ. పైగా ఇంట్లో అమ్మాయి నిశ్చితార్థం పెట్టుకున్నాం. ప్రెసిడెంటుగారు కూడా వస్తానన్నారు, ఆయన్ని పట్టుకుని ఇప్పుడు ఏం బాగుంటుంది?"

"తమ గత తిరుగుబాటుపై ఒక అధ్యయనం చేశాం," అన్నాడు విద్యాధరం నెమ్మదిగా. "తమ దళం రేడియో స్టేషను స్థానే ప్రక్కనున్న బేకరీని స్వాధీనపరచుకున్నట్లు తేలింది."

కర్నల్ మొహం ఎర్రబడింది. "రెండిటికీ ఒకే రంగు గేటు. చీకటి."

"నిస్సందేహంగా. కానీ నాణ్యతాపరంగా చూస్తే అది లోపమే. ఈసారి మా విభాగం పర్యవేక్షణలో జరిగినట్లయితే, అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణమైన ప్రథమ తిరుగుబాటుగా తమకు ధ్రువపత్రం లభిస్తుంది. ఫ్రేము మేమే కట్టిస్తాం."

కర్నల్ గోడకేసి చూశాడు. అక్కడ గుర్రప్పందేల కప్పులూ, ఫొటోలూ ఉన్నాయి. మధ్యలో ఒక మేకుంది, దానికి ఏమీ తగిలించలేదు.

"జనం కావాలి. పోయినసారి జనం రాలేదు, జవాన్లు బాగా ఫీలయ్యారు" అన్నాడు.

"హాజరు తప్పనిసరి" అని హామీ ఇచ్చాడు విద్యాధరం.

నిశ్చితార్థం అయ్యాక రోజు పెట్టుకున్నారు. ఆ ఉదయం పదిన్నరకి తిరుగుబాటు మొదలైంది. అధ్యక్షుడికి ముందే సర్క్యులర్ అందింది గనక ఆయన పెట్టె సర్దుకుని, తాళాలగుత్తి చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. ట్యాంకులు బేకరీ దాటి రేడియో స్టేషను దగ్గరే ఆగాయి. అక్కడ మా ఫిజికల్ డైరెక్టరు పచ్చజెండా ఊపుతూ నిలబడి ఉన్నాడు. పదకొండుకి టీ. దాని తర్వాత మళ్ళీ తిరుగుబాటు. పిల్లలు బారులు తీరి జేజేలు కొట్టారు, లెక్చరర్లు హాజరు వేశారు. హిస్టరీ చదివే చక్రధర్ అనే కుర్రాడు ఉత్సాహం పట్టలేక ముందు ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. మండలి ప్రతినిధి గొడుగు నీడలో నిలబడి గడియారం చూసుకుంటూ, ప్రతిదానికీ ఒక టిక్కు పెట్టుకున్నాడు. ఒంటిగంటకల్లా బలభద్రంగారు దేశాధ్యక్షులయ్యారు.

నేను ల్యాబ్ వైపు పరుగెత్తాను. రెండు గంటలకు ప్రాక్టికల్. పైడితల్లి పొద్దున్నుంచీ అక్కడే మెట్ల మీద ఉంది. ఉతికిన తెల్లకోటు మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

రెండుకి తాళం తీసేవాళ్ళు రాలేదు. మూడుకి మైకులో ప్రకటన వచ్చింది. కొత్త అధ్యక్షులవారి తొలి ఉత్తర్వు: కార్యక్రమంలో పాల్గొన్న విద్యార్థులందరూ, దేశంలో ఇంతకంటే పెద్ద ప్రాక్టికల్ ఉండబోదు గనుక, అన్ని ప్రాక్టికల్స్‌లోనూ ఉత్తీర్ణులైనట్లు ప్రకటించడమైనది. ఏ సబ్జెక్టు అన్న పట్టింపు లేదు. ట్యాంకు ఎక్కినవారికి డిస్టింక్షన్.

మైదానంలో ఈలలు మోగాయి. నేను హాజరు పట్టీలు పట్టుకున్న లెక్చరర్ దగ్గరికి వెళ్ళాను. పైడితల్లి పేరుకి ఎదురుగా గైర్హాజరు అని ఉంది. విశ్వవిద్యాలయం మొత్తంలో ప్రాక్టికల్ తప్పింది ఆ పిల్ల ఒక్కతే, ప్రాక్టికల్ చెయ్యాలని కూర్చున్నదీ ఆ పిల్ల ఒక్కతే.

చెబితే విని నవ్వింది. నవ్వు కాదది. "నేను మెట్ల మీదే ఉన్నాను కదండీ, సార్. మీరు చూశారు కదా" అంది. చూశానని రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. దాన్ని ఎవరికివ్వాలో మాత్రం నాకూ తెలియదు.

మాకు అన్నిటికంటే పై గ్రేడు వచ్చింది. అస్థిర దేశాల్లో నాణ్యతా నిర్వహణకు మేము ప్రపంచానికే ఆదర్శమని మండలి ప్రశంసించింది. విద్యాధరం జాతీయ నాణ్యతా సలహాదారయ్యాడు. దేశంలో ప్రతి ఆఫీసూ, ఆ ఏడాది అక్కడ ఏ గొడవ రావచ్చో ముందే క్యాలెండర్‌లో వేసుకోవాలని ఆదేశం పంపించాడు. రైల్వేవాళ్ళు పట్టాలు తప్పే రోజును గుర్తించి ఆ రోజుకి టికెట్లు తగ్గింపు ధరకి అమ్మారు.

మున్సిపల్ కమిషనర్ మాట తప్పలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. డిగ్రీ తెచ్చినవాళ్ళకే కెమిస్టు ఉద్యోగం అన్నాడు. డిస్టింక్షన్‌తో ప్రాక్టికల్ పాసైన చక్రధర్‌కి ఇచ్చాడు.

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. చేరిన వారానికి నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "సార్, క్లోరిన్ అంటే పొడేనా, ద్రవమా?" అని అడిగాడు. రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. మూడో రోజు రాలేదు. కమిషనర్ వాడికి పని తేలిక చేసేశాడట. నీళ్ళు వేళకి వస్తున్నాయా లేదా చూడు, అదే నాణ్యత అన్నాడట. అప్పటినుంచీ మా ఊళ్ళో కుళాయిలు పొద్దున ఆరు కొట్టేసరికి ఠంచనుగా వచ్చి ఏడింటికి ఆగిపోతున్నాయి. నీళ్ళకి కూడా అన్నిటికంటే పై గ్రేడే వచ్చింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పైడితల్లి మా ఇంటికి వచ్చింది. చేతిసంచిలో సీసాలున్నాయి. "పేటలో నాలుగు కుళాయిల నీళ్ళు తెచ్చాను సార్. ల్యాబ్ తీస్తారా?"

నిజానికి ఎవర్నీ అడగక్కర్లేదు, విద్యాధరం పెద్ద పదవికి వెళ్ళాక తాళంచెవి నా దగ్గరే ఉంది. తీశాను. ఆమె తెల్లకోటు వేసుకుంది. సగంలో ఆగిపోయిన పరీక్ష ఆ పూట చేసింది. మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపురంగుకి తిరగాలి. నాలుగు గొట్టాల్లోనూ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. క్రిముల పరీక్షకి పెట్టిన సీసాలు మర్నాడు వచ్చి చూసేసరికి నల్లగా మారి ఉన్నాయి. ఆమె ప్రతి అంకె రెండుసార్లు సరిచూసి రాసింది. నేను వందకి వంద మార్కులు వేశాను. వాటిని పంపడానికి చోటు లేదు, అయినా వేశాను.

మార్కుల మాట ఆమె ఎత్తలేదు. "ఇది ఎవరికి చెప్పాలి సార్?" అంది.

కమిషనర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నల్లబడిన సీసాలు చూశాడు, రిపోర్టు చదివాడు. ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. అందుకే నాకు భయం వేసింది.

"తెలుసు మేష్టారూ. మేం దీన్ని విస్మరించలేదు" అంటూ గోడమీది క్యాలెండర్ చూపించాడు. అక్టోబరు రెండో వారం చుట్టూ ఎర్రగీత ఉంది. విరేచనాల వారం అని రాసి ఉంది. "సెలైన్ సీసాలకు, మంచాలకు, శ్మశానంలో కట్టెలకు కూడా ఆర్డరిచ్చాం. అంతా సంసిద్ధం."

"దానికింకా నెల ఉంది కదండీ," అంది పైడితల్లి. "నీళ్ళు ఇప్పుడే ఇలా ఉన్నాయి."

కమిషనర్ గొంతు తగ్గించాడు. "అదేనమ్మా నేను చెప్పేది. ఈ సంగతి బయట అనకండి. కంగారుపడి జనం ముందే ఆస్పత్రులకి వచ్చిపడితే, అది అప్రణాళికాబద్ధం అవుతుంది. మా గ్రేడు పోతుంది."

బయటికి వచ్చాం. ఇంత చదువు చదివి, ఇంతమందికి చెప్పి, ఈ మనుషుల చుట్టూ ఇన్నాళ్ళూ సార్ సార్ అంటూ తిరిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున ఆరింటికి నేను వాళ్ళ పేటకి వెళ్ళేసరికి, వీధి కుళాయి ముందు బిందెల వరస ఉంది. ఒక చిన్నపిల్ల ధార కింద దోసిలి పట్టి తాగుతోంది. పైడితల్లి వచ్చి ఆ పిల్లని పక్కకి లాగి కుళాయి కట్టేసింది. కట్టేసి దానికి అడ్డంగా నిలబడింది.

"ఏటే పైడితల్లీ, ఏటి నీ గొడవ?" అంది ముందున్న ఆవిడ. "ఏడింటిదాకా మా టైము. మళ్ళీ రేపటిదాకా రావు. తప్పుకో."

"ఇవి తాగొద్దు పిన్నీ. ఒంటికి పడవు. తాగితే కాసుకుని తాగండి, పిల్లలకి మాత్రం ఇలా పట్టకండి."

"ఆ మాట చెప్పడానికి నువ్వెవరు? ఉద్యోగం రాలేదని కుళ్ళు. కాసుకోడానికి కట్టెలు నీ బాబు తెస్తాడా?"

వెనకనుంచి బిందెలు ముందుకు తోశారు. ఎవరో జుట్టు పట్టుకోబోయారు. ఆమె కుళాయి మీదినుంచి చెయ్యి తియ్యలేదు. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ఏడు కొట్టేదాకా ఇద్దరం తిట్లు తిన్నాం.